పెరుగన్నం దాకా

ముక్త్యాల రోడ్డు మీద ఇళ్లు లేనప్పుడే మా నాన్న అక్కడ కిరాణా కొట్టు పెట్టాడు. సిమెంటు ఫ్యాక్టరీ కడతారన్న మాట ఒక్కటే ఆయనకి ఆధారం. చుట్టూ సున్నపురాళ్లూ సర్కారు తుమ్మలూ తప్ప ఏమీ లేవు. "ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది నీ యాపారం. ఉప్పూ పప్పూ రాళ్లకి అమ్ముతావంట్రా?" అని జగ్గయ్యపేటలో మా పెదనాన్న ఎగతాళి చేశాడట. నాన్న మాత్రం ముందు గదిలో కొట్టు, వెనక గదిలో కాపురం పెట్టేశాడు.

ఫ్యాక్టరీ వచ్చింది, కూలీలొచ్చారు, కొట్టు చుట్టూ ఇళ్లు లేచాయి. బస్సు కండక్టరు కూడా "కొట్టు కాడ దిగేవాళ్లు రండి!" అని అరిచేవాడు. ఆ కేక వింటే నాకు ఒళ్లంతా గర్వం. ఆ గర్వమంతా మధ్యాహ్నం భోజనం వేళకి కోపంగా మారేది.

నాన్న కంచం ముందు కూర్చోవడమే ఆలస్యం, "కొట్టాయనా!" అని పిలుపు. ఎంగిలి చేత్తో కాటా ముట్టుకోకూడదు. ఎడం చేత్తో సరుకు ఇవ్వకూడదు. కనక చెయ్యి కడుక్కోవాల్సిందే. చెయ్యి కడిగితే భోజనం అయినట్టే, మళ్లీ అదే కంచం ముందు కూర్చోకూడదని మా నాయనమ్మ పెట్టిన కట్టుబాటు. ఆవిడ పోయాక కూడా నాన్న దాన్ని తప్పలేదు. పోనీ అమ్మ వెళ్తే, "ఆయన చెయ్యి మంచిదమ్మా, ఆయన్నే రానీండి" అనేవాళ్లు. చెయ్యి మంచిదో కాదో గాని, ఆ చేతికి అంటిన అన్నం సంగతి ఎవరికీ పట్టేది కాదు.

పప్పన్నం అయ్యేది. అదృష్టం బాగుంటే పులుసు దాకా వచ్చేవాడు. పెరుగన్నం కలుపుకోగా మాత్రం నేనెప్పుడూ చూడలేదు. ఆయన కోసం తీసి ఉంచిన పెరుగు సాయంత్రానికి పులిసి మజ్జిగపులుసయ్యేది. నాన్న నా పక్కన కూర్చుని, పెరుగన్నంలో ఆవకాయ బద్ద నంజుకుంటూ, తీరిగ్గా నాతో కబుర్లు చెప్పాలని ఎంత ఆశో నాకు! కొత్తబట్టల మీద కూడా అంత ఆశ ఉండేది కాదు. పిలిచినవాళ్లందర్నీ మనసులో తిట్టుకునేదాన్ని. "వీళ్ల నోళ్లు పడిపోను!" అని ఓసారి పైకే అనేశాను. నాన్న విన్నాడు. "తప్పమ్మా, వాళ్లు పిలిస్తేనే మనకింత అన్నం" అన్నాడు.

ఇప్పుడు నేను నందిగామలో టీచర్ని. మొన్న ఆదివారం అమ్మానాన్నల దగ్గరికి వెళ్లాను. జగ్గయ్యపేటలో సూపర్ మార్కెట్లు వచ్చాక అందరూ బైకుల మీద వెళ్లి సరుకులు తెచ్చుకుంటున్నారు. నాన్న మాత్రం రోజూ కొట్టు తీస్తూనే ఉన్నాడు. మధ్యాహ్నం ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. అమ్మ వడ్డించింది. పప్పు అయింది, పులుసు అయింది. ఎవరూ పిలవలేదు. నాన్న ముద్ద ముద్దకీ ఆగుతున్నాడు. బయట బైకు చప్పుడైతే తలెత్తాడు. అది ఆగకుండా వెళ్లిపోయింది.

అమ్మ గరిటెతో గట్టి పెరుగు తీసింది. చిన్నప్పటి కోరిక తీరబోతోంది, నాకు సంతోషం కలగాలి. కలగలేదు. ఎవరో ఒకరు, అగ్గిపెట్టె కోసమైనా సరే, వచ్చి ఒక్క కేక వేస్తే బాగుండునని ప్రాణం కొట్టుకుపోయింది.

నాన్న కంచానికి చెయ్యి అడ్డం పెట్టాడు.

"పెరుగొద్దులే. పెరుగు దాకా వచ్చానంటే ఇవాళ బేరం లేనట్టేగా."

"ఎవరూ పిలవలేదుగా నాన్నా, తిను" అన్నాను.

"పిలుస్తారేమోనమ్మా" అని లేచి, చెయ్యి కడుక్కుని, కొట్లోకి వెళ్లి కూర్చున్నాడు.