మన్మథరావు గారి దొరసాని

నర్సీపట్నంలో కుక్కని పెంచేవాళ్లున్నారు, చిలకని పెంచేవాళ్లున్నారు. సాలీడుని పెంచిన మనిషి మాత్రం తాలూకాఫీసు గుమాస్తా మన్మథరావు గారొక్కరే. అది మామూలు సాలీడు కాదు. అరచేయంత వెడల్పు, ఒళ్లంతా బొచ్చు, కొండల్లో చెట్టు తొర్రల్లో కాపురముండే రకం. దాన్ని ఊరగాయ సీసాలో పెట్టి, మూతకి చిల్లులు పొడిచి, వీధరుగు మీద అందరికీ కనబడేలా ఉంచేవారు. పేరు దొరసాని.

దొరసానికి బొద్దింకలు కావాలి. అందుచేత ఎవరింటికెళ్లినా ఆయన కళ్లు వంటింటి మీదే. రామనాథం గారి తల్లి పోతే పరామర్శకి ఇద్దరం కలిసి వెళ్లాం. ఈయన పెద్దగా నిట్టూర్చి, "మహాతల్లి. వంటిల్లు అద్దంలా ఉంచేదండి," అన్నారు. రామనాథం గారు కళ్లొత్తుకున్నారు. "ఇప్పుడు బొద్దింకలు చేరుంటాయి కదండీ?" అన్నారు ఈయన. నేను రెక్క పట్టుకుని బయటికి లాక్కొచ్చేసరికే ఆయన జేబులో అగ్గిపెట్టె, అందులో ఏదో గీరుతున్న చప్పుడు.

"పరామర్శకొచ్చి ఇదేం పనండీ?"

"సచ్చిపోయినోళ్లకి మనం సేసేదేటుంది మేస్టారూ. బతికున్నదానికి తిండెట్టాలి కదా."

అంతకు కొన్నాళ్ల ముందు, నేను ఆ వీధిలో అద్దెకి దిగిన వారమే, ఎమర్జెన్సీ ఏడాది వానాకాలంలో, బియ్యం వ్యాపారి దేవుళ్లు చిన్న కూతురు జ్వరం తలకెక్కి పోయింది. ఆ పొద్దున పిల్ల మంచం పక్క గోడ మీద ఈ సాలీడు కనబడింది. ముందురోజే అప్పాయమ్మ అనే ముసలి కొండమనిషి, కృష్ణదేవిపేట అవతల నించి విస్తళ్లకి అడ్డాకులు తెచ్చి ఆ ఇంట్లో వేసి వెళ్లింది. ఇంకేం కావాలి. చిల్లంగి, అంటే చేతబడి, చేసి పురుగుని పంపించిందన్నారు. సాలీడుని బుట్ట కింద మూసిపెట్టి, ఆకులమ్ముతున్నదాన్ని వీధిలో కూలేశారు. పళ్లు రాలగొడితే చిల్లంగి మంత్రం పలకదని వాళ్ల నమ్మకం. దేవుళ్లు రాయి పట్టుకున్నాడు. ఏడుస్తూనే పట్టుకున్నాడు.

"నానేటి సేసినాను బాబూ. ఆకులే కదా తెచ్చినాను," అంటోంది అప్పాయమ్మ.

అప్పుడొచ్చారు మన్మథరావు గారు, పంచె ఎగ్గట్టుకుంటూ. "ఆగరా దేవుళ్లూ. ఆ సాలీడు నాది. పెంచుకుంటన్నాను. సీసాలోంచి పారిపోయింది."

వీధంతా ఆయన మొహాన ఉమ్మేసినంత పని చేసింది. దేవుళ్లు మాత్రం రాయి దించలేదు.

"నీదైతే అరుగు మీదెట్టి పెంచు బాబూ. రోజూ వచ్చి సూస్తాను. అది లేకపోయినా, సచ్చినా ఈ ముసల్దాని పనేనని అర్థం. ఆ రోజు దీని నోట్లో ఒక్క పన్నుండదు."

అన్నంత పనీ చేశాడు. రోజూ కొట్టు తెరవబోయే ముందు సీసాలోకి తొంగిచూసి వెళ్లిపోయేవాడు. సంతరోజున అప్పాయమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకునే ఆకులమ్ముకునేది. ఒకాయన తిక్క సరదాకి ఒక ముసలిదాని ప్రాణం తాకట్టు పడిందని నాకు ఒళ్లు మండిపోయేది.

ఏడాది తిరిగింది. ఓ సంతరోజు పొద్దున్న దొరసాని వెల్లకిలా పడుంది. కాళ్లు పైకి. మన్మథరావు గారు అరుగు మీద కూలబడిపోయారు.

"ఇంకోటి పట్టుకొచ్చి పెట్టండి. మీకు అలవాటేగా," అన్నాను విసుగ్గా.

ఆయన భార్య సింహాద్రమ్మ గారు గుమ్మంలోంచి అందుకున్నారు. "అలవాటేటి బాబూ? బల్లిని సూస్తేనే మంచమెక్కే మనిషి. అంతకు ముందెప్పుడైనా ఇలాటి పురుగు మొకం సూసేరా ఈయన? ఆ ముసల్దాన్ని కొట్టేస్తారని నాదన్నారు. అన్నాక పెంచాలి కదా మరి."

నాకు ఆ మనిషికి అక్కడే దణ్ణం పెట్టాలనిపించింది. ఈలోగా దేవుళ్లు రానే వచ్చాడు. సీసాలోకి వంగాడు.

"సచ్చిందా?"

"పడుకుంది," అన్నారు మన్మథరావు గారు.

"ఇలాగా?"

"రేతిరి నిద్ర లేదు దానికి."

దేవుళ్లు అరుగు మీద చతికిలబడ్డాడు. "లేస్తే సూసే ఎల్తాను."

ఎండెక్కింది. వీధి చివర అప్పాయమ్మ ఆకుల మోపు కనిపించింది. మన్మథరావు గారు కళ్లు గట్టిగా మూసుకున్నారు. ఆ మూసుకోవడం భయంతోనో ప్రార్థనతోనో నాకు తెలీదు. అంతలో దొరసాని వీపు చిట్లింది. లోపల్నించి తడితడిగా, పాలిపోయిన ఒక్కో కాలే బయటికొచ్చింది. దేవుళ్లు చాలాసేపు చూసి లేచాడు. అప్పటికి అరుగు దగ్గరికొచ్చేసిన అప్పాయమ్మ పక్కనించే రాయి పట్టకుండా నడిచి, వెనక్కి తిరిగాడు.

"పురుగు నీరసంగా ఉంది బాబూ. దానికేదైనా ఎట్టండి," అన్నాడు.

మన్మథరావు గారు అప్పుడు కళ్లు తెరిచారు. సీసాలో దొరసాని, పక్కనే అచ్చం దొరసానిలాగే బొచ్చుతో, కాళ్లతో, అది విడిచిన కుబుసం. ఆయన మొహంలో నెత్తురుచుక్క లేదు.

"మేస్టారూ, రెండున్నాయేటండీ?"

అది ఉత్త తోలేనని చెప్పబోయాను. ఆయన నన్ను చెప్పనివ్వలేదు. అరుగు స్తంభాన్ని వాటేసుకుని లోపలికి కేకేశారు.

"సింహాద్రీ, పిల్లనెట్టినట్టుంది. పాపం ఇరుకైపోద్ది. బేగి ఇంకో సీసా కడుగు."