మా అత్త పాస్టరు గారి చేత మడత పట్టించిన వైనం

సముద్రాన్ని తెచ్చి మా మేనత్త చేతికిస్తే, నీళ్ళు దులిపి, నాలుగు మడతలు పెట్టి, అలమారలో సర్దేసి, "ఇంకేమైనా ఉందా?" అని అడుగుతుంది. కోతలు కోస్తున్నానంటారా? పెద్దాసుపత్రి లాండ్రీలో ఆవిడ దుప్పట్లు మడతపెట్టడం మీరు చూడలేదు కాబట్టి అంటారు. నేను చూశాను. బడి మానేసినవాడికి చూడటానికి బోలెడంత తీరిక.

ఆ లాండ్రీ గది ఆసుపత్రి వెనకవైపు ఉంటుంది. ఆవిరికి గోడల రంగు పొలుసులుగా లేచి ఉంటుంది. ఆరబెట్టే యంత్రంలోంచి దుప్పట్లు వేడివేడిగా బండిలోకి పడుతుంటాయి. వాటిని మడతపెట్టడం ఇద్దరి పని. చెరో రెండు కొసలు పట్టుకోవాలి. ఎదురెదురుగా ఒక్క గుంజు గుంజాలి. 'ఫట్'మని దులిపి, కొసకు కొస కలిపి, ఒకరి వైపు ఒకరు నడవాలి. కలిసిన చోట ఒకరు తమ కొసలు రెండోవాళ్ళ చేతిలో పెట్టి, వంగి కింది మడత అందుకుంటారు. మాటలతో పనిలేదు. అంటే గింటే ఒక్క మాటే: "తర్వాతది."

అత్తకు జంటగా మడత పట్టే ఆవిడ ఉద్యోగం మానేసి కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. ఇంకో మనిషిని ఇవ్వమని అడగొచ్చు. అత్త అడగలేదు. గోడకు రెండు కొక్కేలు కొట్టించి, దుప్పటి కొసలు వాటికి తగిలించి, ఒక్కతే మొదలుపెట్టింది. "గోడ మంచిదిరా. సెలవడగదు, సోది చెప్పదు" అనేది నాతో. కానీ గోడ తన వైపు నుంచి నడిచి రాదు కదా! ఆ దూరమంతా ప్రతి దుప్పటికీ ఆవిడే నడవాలి. నా అంచనా ప్రకారం ఆ గదిలోనే భూమిని చుట్టి వచ్చేసింది, మధ్యలో ఎక్కడా ఆగకుండా.

ఇంట్లో సంగతి ఇంకా ఘోరం. పొద్దున నిలబడి ఓ టీ. మధ్యాహ్నానికి పట్టుకెళ్ళిన అన్నం డబ్బా మూత తీయకుండానే సాయంత్రం ఇంటికి తిరిగొచ్చేది. మామయ్య గురక అందుకున్నాక మోకాళ్ళ మీద ప్రార్థన. చుట్టాలు, ఇరుగుపొరుగు, ఆసుపత్రి రోగులు, ఒక్కరినీ వదిలేది కాదు. చివర్లో నేను. నా వంతుకే ఎక్కువసేపు పట్టేదట.

ఒళ్ళు హూనమైపోతోందని మాత్రం ఎవరికీ చెప్పలేదు. విశ్వాసం ఉన్న మనిషికి అలసట రాకూడదని ఆవిడ నమ్మకం. వచ్చిందంటే దేవుడు ఓ అడుగు వెనక్కి వేశాడన్నమాట. ఆ భయంతో ఇంకాస్త ఎక్కువ ప్రార్థించేది, ఇంకాస్త తక్కువ పడుకునేది.

అత్త ఈ లోకంలో గర్వపడే పని ఒక్కటే. చర్చిలో ప్రభువు బల్ల దగ్గర రొట్టె మీద, ద్రాక్షరసం గిన్నెల మీద కప్పే తెల్ల బట్టను ఉతికి, ఇస్త్రీ చేసి, పరిచేది ఆవిడే. ఇంకొకరి చెయ్యి దానిమీద పడితే ఊరుకునేది కాదు.

ఆ ఆదివారం ముందు వరసలో అత్త, మామయ్య, వెనక నేను. ప్రసంగం సగంలో అత్త తల మెల్లగా వాలింది. ప్రసంగం ముగించి పాస్టరు గారు బల్ల దగ్గరికొచ్చారు. కప్పిన బట్ట తీయడానికి అవతలి రెండు కొసలూ పట్టుకుని పైకెత్తారు.

అత్త కళ్ళు సగం తెరుచుకున్నాయి. ఎదురుగా ఓ మనిషి, చేతుల్లో రెండు కొసలు. ఇంకేముంది, లేచింది! విసవిసా వెళ్ళి ఇవతలి కొసలు అందుకుని, బల్ల పక్కకు లాక్కొచ్చి, ఒక్క గుంజు గుంజింది. పాస్టరు గారి కళ్ళజోడు ముక్కు చివరికి జారింది. 'ఫట్'మని దులిపింది. ఆ గాలికి వెనక వరసలో ముగ్గురు ఆడవాళ్ళ ముసుగులు ఎగిరాయి. గిన్నెల్లో చుక్క తొణకలేదు. పాస్టరు గారు మరీ మంచి మనిషి. ఏం చెయ్యాలో తోచక ఆయనా కొసలు కలిపి ఆవిడ వైపు నడిచారు. అత్త తన కొసలు ఆయన చేతిలో పెట్టి, వంగి కింది మడత అందుకుని, చదును చేసి, గట్టిగా అంది: "తర్వాతది!"

మొదట నవ్వింది మామయ్యే. ఆ తర్వాత చర్చి మొత్తం. అత్తకు అప్పుడు పూర్తిగా మెలకువ వచ్చింది. ఎవరి మొహం చూడకుండా ఇంటికి వెళ్ళిపోయింది.

"ఆ బట్ట ఇంకెవరికైనా ఇచ్చెయ్యమనండి" అంది, వంటింట్లో మొహం అటు తిప్పుకుని. "ప్రభువు బల్ల ముందే నిద్రపోయాను. దేవుడు నన్ను వదిలేశాడు."

"వదిలేస్తే పాస్టరు గారి చేత మడతెందుకు పట్టిస్తాడే?" అన్నాడు మామయ్య. అత్త నవ్వలేదు. ఆ బట్టే పోతే ఆవిడకు మిగిలేది గోడా, కొక్కేలే. అది మామయ్యకూ తెలుసు, నాకూ తెలుసు.

సాయంత్రం పాస్టరు గారు బట్ట చంకలో పెట్టుకుని వచ్చారు.

"అమ్మా, పొద్దున ఏం తిన్నావు?"

"టీ తాగానండి."

"అది తిండి కాదు. నిన్న రాత్రి?"

మామయ్య అందుకున్నాడు. "ఏం తినలేదండీ. గిన్నెలు తోమేది నేనే కాబట్టి నాకు తెలుసు. ఈ మధ్య నా పని మహా తేలిక."

"మీరూరుకోండి" అంది అత్త.

పాస్టరు గారు కుర్చీ దగ్గరకు లాక్కున్నారు. "చెట్టు కింద పడుకుని, ఇక చాలు ప్రభువా, నా ప్రాణం తీసుకో అన్న ప్రవక్త గుర్తున్నాడా?"

"ఉన్నాడండి."

"దేవుడు ఆయన్ని తిట్టాడా?"

"లేదండి. పడుకోనిచ్చాడు. దూత చేత రొట్టె, నీళ్ళు పంపాడు."

"తిన్నాక?"

"మళ్ళీ పడుకోనిచ్చాడు."

"మరి నీకు నిద్ర తప్పని ఎవరు చెప్పారమ్మా? నేనా?"

"మీరు కాదండి."

"మరెవరు?"

అత్త మామయ్య వైపు చూసింది. "నావైపు చూస్తావేం? నేను ఆ ప్రవక్త పక్షం" అన్నాడాయన.

పాస్టరు గారు లేచారు. "ఈ బట్ట ఎవరికీ ఇవ్వను. ఇలా నలిగే ఉంటుంది. నువ్వు తిని, పడుకుని, మనిషివయ్యాక వచ్చి తీసుకో."

తెల్లారి అత్త లాండ్రీ సూపర్‌వైజరు దగ్గరికి వెళ్ళి, తనకో జంట కావాలంది. "అయ్యో ఆంటీ, మీకు గోడే ఇష్టమనుకున్నాం కదా!" అందట ఆ పిల్ల. మధ్యాహ్నానికల్లా ఒకావిడ వచ్చింది. పొద్దస్తమానం మాట్లాడుతుంది కాబట్టి లాండ్రీలో ఆవిడ పేరు రేడియో. అత్తకు చెవులు నొప్పి పుట్టాయి గానీ, కాళ్ళ నొప్పి తగ్గింది. మధ్యాహ్నం ఇద్దరూ కూర్చుని డబ్బాలు తెరవసాగారు. సాయంత్రం మామయ్యతో నది వంతెన దాకా నడక. అత్త ముందు, మామయ్య వెనక, గొణుగుడు మధ్యలో. ప్రార్థన భోజనం కాగానే కుర్చీలో కూర్చునే చేస్తోంది. చివరి మాట ఇప్పుడు ఇది: "నాకు చేతనైంది చేశాను ప్రభువా, మిగతావాళ్ళను నువ్వు చూసుకో." ఆ 'మిగతావాళ్ళు' నేనే అయ్యుంటాను. దీపం ఆర్పేశాక, మామయ్య కంటే ముందే గురక మొదలు. గోడలు కదులుతాయని మామయ్య ఫిర్యాదు.

ఓ శనివారం తనే వెళ్ళి బట్ట అడిగింది. పాస్టరు గారు అన్న మాట నిలబెట్టుకున్నారు. అది ఉండచుట్టుకుపోయి ఉంది. "దేవుడి బట్టను ఇలాగేనా ఉంచేది!" అని ఆయన్నే కోప్పడి, అక్కడే ఇస్త్రీ పెట్టె తెప్పించుకుంది. నాకెంత సంతోషం వేసిందంటే, అవతలి కొసలు నేనే పట్టుకున్నాను.

ఇప్పుడు మా అత్తకు అలసట అన్నదే లేదు. ఆవిణ్ణి చూస్తే అలసట ఎదురు వీధిలోంచి తప్పుకుపోతోంది. ఇదంతా రాసి ఆవిడకు చదివి వినిపించాను. చెప్పుల్లోంచి కాళ్ళు తీసి బల్ల మీద చాపుకుంటూ అంది: "అలసట ఎందుకు రాదురా? రోజూ వస్తుంది. వస్తే కూర్చుంటాను."