వంక గట్టు మీద మునిసిపాలిటీ లైటు

నంద్యాలలో మా వీధి చివర పారే వంక గట్టు మీద మునిసిపాలిటీ వాళ్ళు కరెంటు లైటు వేయించిన సాయంత్రం గురించి మగవాళ్ళు చెప్పే కథ వేరు, ఆడవాళ్ళు చెప్పే కథ వేరు. మా నాయన బతికున్నన్నాళ్ళూ మొదటిదే చెప్పాడు. నేను రెండోది చెబుతాను. ఆ వెలుగులో నిలబడింది మేము గనక ఆ హక్కు మాదే.

కర్నూలు రాజధాని అయిన కొత్తలు అవి. రాజధాని పక్కనే ఉన్నాం కదా అని మా ఊరి పెద్దలకు ఒక హుషారు పట్టుకుంది. కౌన్సిలు కూర్చున్నప్పుడల్లా ఏదో ఒక తీర్మానం. సంతకొచ్చే పశువుల్ని ఫలానా చోటే కట్టాలని ఒకసారి, వీధుల్లో ఎద్దుల బండ్లు నిలపరాదని ఇంకోసారి. మా నాయన హైస్కూల్లో లెక్కల అయ్యవారు. మా వార్డు మెంబరు ఆయన స్నేహితుడు, మేము మామా అని పిలిచేవాళ్ళం. రైలు దిగి నడిచి వచ్చేవాళ్ళు వంక దగ్గర చీకట్లో తడుముకుంటున్నారు, పాములున్నాయి, కనుక అక్కడ ఒక లైటూ, దాని కింద కూర్చోవడానికి బేతంచెర్ల బండలతో అరుగులూ కావాలని అర్జీ రాసింది మా నాయనే. వీధిలో మగవాళ్ళందరూ సంతకాలు పెట్టారు. మెంబరు మామ కౌన్సిల్లో గొంతు చించుకుని సాధించాడు. ఒక్క ఆడదాన్నీ ఎవరూ అడగలేదు. లైటు వద్దనే మనిషి ఒకతె ఉంటుందని వాళ్ళకెందుకు తోస్తుంది?

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఈ కాలం పిల్లలు ముక్కు మూసుకుంటే మూసుకోనీ. మా వీధిలో మరుగుదొడ్డి ఉన్నది మెంబరు మామ ఇంట్లో ఒక్కచోటే, అదీ ఆ ఇంటివాళ్ళకే. మిగిలిన ఇళ్ళ ఆడవాళ్ళందరికీ వంక గట్టు దిగువే గతి. తెల్లవారకముందు ఒకసారి, పొద్దుగూకినాక ఒకసారి. మధ్యలో ఎంత కష్టమొచ్చినా బిగబట్టుకోవాల్సిందే. మగవాళ్ళు పట్టపగలు ఏ చెట్టు చాటుకైనా పోగలరు గనక చీకటి విలువ వాళ్ళకు తెలియదు.

అయినా ఆ మునిమాపు వేళ తలుచుకుంటే నాకిప్పటికీ ప్రాణం లాగుతుంది. మరుగుదొడ్డి లేకపోవడాన్ని పొగుడుతున్నానని ఎవరైనా అంటే వాళ్ళతో పోట్లాటకు సిద్ధమే. నేను తలుచుకునేది అక్కడి మాటల్ని. చెంబులు పట్టుకుని గుంపుగా బయల్దేరేవాళ్ళం. తుమ్మపూల వాసన, వంక అవతల జొన్నచేల మీంచి చల్లగాలి. ఇంట్లో నోరెత్తని కోడళ్ళు అక్కడికి రాగానే గలగలలాడేవాళ్ళు. అత్తల నడకలు నడిచి చూపించేవాళ్ళు, మొగుళ్ళ గురకలు గురకపెట్టి వినిపించేవాళ్ళు. ఎవరైనా అత్త కోడలి మీద చెయ్యి చేసుకుందని తెలిస్తే, ఆమెతో బావి దగ్గర ఎవరూ మాట్లాడకూడదని అక్కడే తీర్మానమయ్యేది. మునిసిపాలిటీ తీర్మానాల కంటే గట్టిగా అమలయ్యేది. అందరం కలిసిమెలిసి ఉండేవాళ్ళమని మాత్రం అబద్ధం చెప్పను. ఆ చీకట్లో కూడా కులానికో తుమ్మచెట్టు ఉండేది.

ఎవరూ కూర్చోబెట్టి నేర్పకుండానే అందరికీ తెలిసిన మర్యాద ఒకటుండేది. దారిన మగమనిషి అలికిడైనా, బండి లాంతరు కనిపించినా మేము చప్పున లేచి నిలబడాలి. అలా నిలబడిన ఆడవాళ్ళు కనిపిస్తే మగవాడు తల దించుకుని తన దారిన తాను పోవాలి. అతను దాటిపోయేదాకా మేము కదలకూడదు.

లైటు వెలిగించేది ఏడు గంటలకని దండోరా వేశారు. ఆలోపే పోయొద్దామని మేమంతా ముందుగానే బయల్దేరాం. ఛైర్మనుగారికి ఇంకేదో పని తగిలిందట, ఆయన కూడా ముందుగానే వచ్చేశాడు. గట్టు మీద మగవాళ్ళ మాటలు వినిపిస్తూనే ఉన్నాయి. అయినా మేము దిగువన, తుమ్మల వెనక ఉన్నాం కదా అని ధైర్యం. మేము చూసినవి వీధిలో కిరసనాయిలు దీపపు స్తంభాలు. వాటి వెలుగు వాటి కాళ్ళ కిందికే చాలదు. కరెంటు లైటు ఎంత దూరం పారుతుందో మాలో ఒక్కరికీ తెలియదు.

టక్కుమని వెలిగింది. నల్లరేగడి మీద గడ్డిపోచ గడ్డిపోచా కనబడింది. అందరం ఒక్కసారిగా లేచి నిలబడ్డాం. గట్టు మీద చప్పట్లు. ఆ చప్పట్ల మీదుగా ఛైర్మనుగారి గొంతు:

"చూడండప్పా! ఆడోళ్ళు గూడా లేసి నిలబడి చూస్తాండారు. ఎంత సంబరమో పాపం!"

మా అక్క నా పక్కనే ఉంది. అక్కను ఆళ్ళగడ్డలో ఇచ్చాం. ఏడో నెల, తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. ఒక చేతిలో చెంబు, రెండో చేత్తో ముఖం మీదికి కొంగు లాక్కుంటూ నాతో గొణిగింది.

"మ్మేయ్, నాయన గూడా చప్పట్లు కొడతాండాడే."

ఆ రాత్రి నుంచి అక్క నీళ్ళు తాగడం తగ్గించింది.

అరుగులు కూడా వేశాక మగవాళ్ళు సాయంత్రం మొదలుకొని అన్నాల వేళదాకా అక్కడే కూర్చునేవాళ్ళు. పేపరు, రాజకీయాలు, బీడీలు. లైటు తెల్లారిందాకా ఆరేది కాదు. మిగతా ఆడవాళ్ళు తిట్టుకుంటూ వంక దాటి, రైలుకట్ట అవతలికి పోవడం మొదలుపెట్టారు. ఆ రాళ్ళలో, ఆ ముళ్ళలో కడుపుతో ఉన్న మనిషి అంత దూరం నడవలేదు. అక్క సంగటి ముద్దలో సగం తుంచి పక్కన పెట్టేది. గొంతు తడుపుకోవడానికి ఒక గుక్క, అంతే. పాదాలు వాచాయి, జ్వరం తగిలింది. ఆస్పత్రి డాక్టరమ్మ చూసి, కడుపు నిండా నీళ్ళు తాగకపోతే తల్లికీ బిడ్డకూ ఇద్దరికీ ముప్పు అని కేకలేసింది. అక్క తల ఊపి వచ్చింది. ఇంటికి రాగానే మళ్ళీ మామూలే. కారణం తెలియక మా నాయన టానిక్కు తెచ్చాడు. అక్క దాన్నీ ముట్టలేదు. తాగితే బయటికి పోవాలి కదా!

అప్పుడు ఆళ్ళగడ్డ నుంచి అక్క అత్త దిగింది, సంచిలో కొర్రబియ్యం, నోట్లో కారం పెట్టుకుని.

"ఏందొదినా ఇది? నేను పంపినప్పుడు నిండు కుండ మాదిరుండె పిల్ల. ఇప్పుడు కట్టెపుల్లకు కడుపు కట్టినట్టుండాది."

"వేవిళ్ళు వదినా," అంది మా అమ్మ.

"ఏడో నెల్లో వేవిళ్ళా? నేను గూడా కన్నేన్లే, చెట్టు నుంచి కోసుకోలేదు."

మా అవ్వ, అంటే నాయన తల్లి, ఇక దాచి లాభం లేదని ఉన్నది చెప్పేసింది. అక్క అత్త అంతా విని, చక్కగా దెప్పింది.

"మా ఆళ్ళగడ్డలో మీ మాదిరి లైట్లు లేవు గానీ తల్లీ, చీకటికి కొదవ లేదు. వచ్చే బేస్తవారం మావాడు బస్సుకొస్తాడు. మాయమ్మిని తోలుకొనిపోతాం. కాన్పు ఆడనే."

మా అమ్మ ముఖం పాలిపోయింది. తొలి కాన్పు పుట్టింట్లో చేయలేని తల్లి అని జీవితాంతం అనిపించుకోవాలి. అది అటుంచి, ఆ గోతుల రోడ్డు మీద బస్సు ఎక్కించొద్దని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. పంపితే దారిలో భయం, ఉంచితే ఇంట్లో భయం.

"నేను చెప్తా నాయనకు," అన్నాను. అప్పుడు నేను ఎస్సెల్సీ చదువుతున్నాను. నోటికి మాత్రం అప్పటికే డిగ్రీ వచ్చింది.

"ఏమని చెప్తావ్ మ్మీ?" అంది అవ్వ.

"ఉండేదుండేట్టు. గోడలు కట్టి ఆడోళ్ళకు మరుగుదొడ్డి కట్టియ్యమని."

"వాళ్ళు అది కట్టేలోపల నీ అక్క బిడ్డకు పెండ్లీడొస్తాది. ముందు లైటార్పే దారి చూడు."

"ఆర్పేదేంది? లైటుండాల, గోడా ఉండాల."

"ఉండాల్లే. నువ్వు ఛైర్మనైనప్పుడు కట్టిద్దువు. ఇప్పుడు గమ్మునుండు."

మర్నాడు పొద్దున బావి దగ్గర అవ్వ అందరితో మాట్లాడింది. "మనం లేసి నిలబడితే వాళ్ళకు సంబరంగా ఉంటాది గదా? నిలబడదాం. కడుపు నిండా నిలబడదాం."

ఆ సాయంత్రం ఇంటికొకరు చొప్పున కాదు, ఉన్నవాళ్ళందరం కదిలాం. ఏ తుమ్మచెట్టు వాళ్ళు ఎవరని ఆ పూట ఎవరూ చూడలేదు. చెంబులు పట్టుకున్నాం గానీ వంకకు దిగలేదు. నేరుగా గట్టెక్కి, అరుగుల ముందర, లైటు కింద నిలబడ్డాం. మాట లేదు.

"రాండమ్మా, రాండి," అన్నాడు మెంబరు మామ ఉదారంగా. "ఈడ గాలి బాగుండాది."

మేము చెంబులు ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాం.

"ఏం గావల్లమ్మా?"

"ఏమొద్దు నాయనా," అంది అవ్వ. "మీరు కూచోండి. మేం నిలబడుకుంటాం."

"ఏందప్పా ఇది, పెండ్లిచూపులా?" అని ఎవరో నవ్వాడు. ఆ నవ్వుకు తోడు ఇంకో నవ్వు రాలేదు.

మా నాయన పేపరులోంచి తలెత్తాడు. ఎదురుగా మా అమ్మ. ఆమె చేతిలో పెరట్లో బట్టలుతికే బండ దగ్గర ఉండే సొట్ట చెంబు, ఎవరూ మంచినీళ్ళకు వాడనిది. పక్కన అక్క. ఆయన చెంబు చూశాడు, అక్క కడుపు చూశాడు, తల పైకెత్తి లైటు చూశాడు. లెక్కల అయ్యవారు గదా, కూడుకోవడానికి ఎంతసేపు? పేపరు మడిచి, తల దించుకుని లేచిపోయాడు.

"ఏం సార్, అప్పుడే?" అన్నాడు మామ. తర్వాత ఆయనా మా వైపు ఒకసారి చూసి, చెప్పులు తొడుక్కోవడం కూడా మరిచి, చేతపట్టుకుని నడిచాడు. ఒకరి వెనక ఒకరు లేచిపోగా అరుగులన్నీ ఖాళీ అయ్యాయి.

ఆ రాత్రి నాయన భోంచేయకుండా మామ ఇంటికి పోయాడు. కౌన్సిలు ఆ మంగళవారమే కూర్చుంది. కరెంటు ఖర్చు తగ్గించే నిమిత్తం వంక గట్టు లైటు రాత్రి ఎనిమిది నుంచి తెల్లవారుజాము నాలుగు దాకా మాత్రమే వెలిగించాలని, అరుగులు గ్రంథాలయం ముందుకు మార్చాలని తీర్మానించారు. నాయన వచ్చి, గోడ వైపు చూస్తూ అవ్వకు చెప్పాడు. నేను ఊరుకోలేదు.

"ఖర్చు తగ్గేదానికా నాయనా?"

"మరేమని రాయమంటావ్?"

"ఉండేదుండేట్టు."

"కౌన్సిల్లో ఆ మాట పలికేటోడు యాడుండాడు మ్మీ?"

"నన్ను పంపు. నేను పలుకుతా."

ఆ మధ్యకాలంలో నాయన నవ్వడం అదే మొదలు. "నిన్ను పంపితే మీ మామ కుర్చీ కింద దూరతాడు."

ఆయన నవ్వాడు గానీ ఆ సంగతిలో నేనిప్పటికీ నవ్వను. గోడలు కట్టిన దొడ్డి రావడానికి మరి కొన్నేళ్ళు పట్టింది. నేను కాలేజీ సెలవులకు వచ్చేసరికి కట్టేశారు. అవ్వ దాంట్లోకి పోయి, గోడ మీదుగా పక్కామెతో కేకలేసి మాట్లాడుతుండేది. గోడ వచ్చింది, మంచిదే. నేను కోరిందే. కానీ చేల గాలిలో అత్తల నడకలు నడిచి చూపించే ఆ గంట మాత్రం దాంతోపాటే పోయింది. రెండూ కావాలనడం అత్యాశ అంటే, నాకు అత్యాశే.

తీర్మానం అమలైన బుధవారం సాయంత్రం గడపలో నిలబడి చూశాం. పొద్దుగూకింది. లైటు వెలగలేదు. గట్టూ, తుమ్మలూ, వంకా ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. అక్క చాలాసేపు ఆ నల్లదనాన్ని చూసి, వంటింట్లోకి పోయి, కడవ ముందర కూలబడింది. గ్లాసు ముంచి ఇచ్చాను. గటగటా తాగి మళ్ళీ చాచింది.

"ఇంగోటి ముంచు మ్మీ."

మా అమ్మ గుమ్మంలోనే నిలబడి, అక్క గొంతు కదలడం చూస్తూ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

బేస్తవారం బస్సుకు బావ వచ్చాడు. అవ్వ ఆయనకు సంగటీ, చెనక్కాయల ఊరిబిండి పచ్చడీ కడుపు నిండా పెట్టి, సాయంత్రం బస్సుకు ఒక్కణ్ణే పంపింది.