పారబోసే ద్రవం

లాందువాన్ ఇరవై రెండేళ్లుగా బ్యాంకాక్‌కు దూరంగా ఉన్న ఖోన్ కెన్ నగరంలోని ఒక పరిశోధనశాలలో క్యాన్సర్ కణాలను సాకుతోంది. పచ్చిచేపలోని పురుగు వల్ల పిత్తనాళానికి జబ్బు చేసిన రైతుల నుంచి తీసిన కణాలవి. ఆమె తండ్రిదీ అదే జబ్బు. నాలుగు నెలల్లో ఊపిరితిత్తులకు పాకింది. అంత తొందరగా ఎలా పాకిందని ఆమె అడగని డాక్టరు లేడు.

రెండు రోజులకోసారి కణాలకు కొత్త మేత పోసేది. అవి వాడి వదిలిన ద్రవాన్ని పారబోసేది.

ఈ వానాకాలంలో అందరూ అజాన్, అంటే గురువు, అని పిలిచే పరిశోధకురాలు శిరిన్యా ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"పారబొయ్యకక్కా. అందులో ఉత్తరాలున్నాయి."

క్యాన్సర్ కణం తనలోని ఆజ్ఞలు మోసే ఆర్.ఎన్.ఏ. ముక్కలను కంటికి ఆనని సంచుల్లో మూటగట్టి బయటికి పంపుతుందట. పక్కనున్న మంచి కణం ఆ సంచిని మింగి, అందులో ఉన్నట్టే నడుచుకుంటుందట. లాందువాన్ ఆ ద్రవాన్ని వెలుతురుకెత్తి చూసింది.

మంచి కణాలు పరుపులా పరుచుకున్న గిన్నెలో సన్నని గీత గీసి, ఆ ద్రవంలోంచి తీసిన సంచులు వేశారు. మామూలుగా అంత తొందరగా కదలని ఆ కణాలు మర్నాటికే పాకివచ్చి గీతను పూడ్చేశాయి. అజాన్ కుర్చీలోంచి లేచి నిలబడింది.

"విన్నాయక్కా. అవి చెప్పింది ఇవి విన్నాయి."

"చెప్పింది ఎవరజాన్? మన మేతలో దూడ నెత్తురుంది. దానికీ ఇలాంటి సంచులుంటాయి కదా."

అజాన్ మళ్లీ కూర్చుంది. "నీ నోరు ఊరుకోదు గదా."

"బ్యాంకాక్‌లో శాస్త్రవేత్తల సభలో ఎవడో అడిగేకంటే నేనడగడం నయం. దూడ మాటను క్యాన్సర్ మాటన్నారనుకోండి, చేపలమ్మేవాళ్లు కూడా నవ్వుతారు."

నవ్వుతూనే అంది. కానీ అది క్యాన్సర్ మాటే కావాలన్న ఆశ అజాన్ కంటే ఆమెకే ఎక్కువ.

ఈసారి మూడు గిన్నెలు పెట్టారు. మొదటిదానిలో కణాలు ముట్టని తాజా మేతలోని సంచులు, అంటే దూడవి మాత్రమే. రెండోదానిలో క్యాన్సర్ సంచులే, కానీ లోపలి ఆర్.ఎన్.ఏ.ని ముందే నాశనం చేసినవి. మూడోదానిలో చెక్కుచెదరనివి.

తెల్లవారాక ఇద్దరూ అన్నం కూడా తినకుండా వచ్చేశారు. లాందువాన్ సూక్ష్మదర్శినికి కన్ను ఆనించింది. మొదటి గిన్నెలో గీత గీసినట్టే ఉంది. రెండోదానిలోనూ అంతే. మూడోది పెట్టింది. గిన్నెను అటు జరిపింది, ఇటు జరిపింది.

"ఏమైందక్కా?"

"గీత కనపడట్లేదు."

"సరిగ్గా చూడు."

"ఈ చివర నుంచి ఆ చివరకు మూడుసార్లు చూశాను. లేదు. కావాలంటే మీరు చూడండి."

అజాన్ పక్కనే వంగి నిలబడింది. లాందువాన్ మాత్రం కన్ను తియ్యలేదు.