కొల్లేరు గట్టు మీద మా వ్యాను

ఆ రోజుల్లో, అంటే రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, దారి చెప్పే ఫోన్లు లేవు. దారి తెలియకపోతే బండి ఆపి, టీ కొట్టు దగ్గర నిలబడ్డ పెద్దమనిషిని "ఏవండీ" అని పిలవాలి. ఆయన మనది ఏ ఊరో, ఎవరి తాలూకో, ఏ పని మీద వెళ్తున్నామో అన్నీ కనుక్కుని, అప్పుడు తీరిగ్గా చెయ్యి చాపి "ఇలా తిన్నగా పోండి" అనేవాడు. దానివల్ల ఆలస్యం అయ్యేది కానీ, మనం తప్పిపోయిన సంగతి కనీసం నలుగురికి తెలిసి ఉండేది. ఇప్పుడు తప్పిపోయినా ఎవరి మానాన వాళ్ళమే తప్పిపోతున్నాం. మేము తాడేపల్లిగూడెం నుంచి ఇల్లు మారిన రోజున మాత్రం ఆ సంగతి నలుగురికి కాదు, ఊరంతటికీ తెలిసింది. అందుకు కారణం నేనేనని ఆ రోజు సాయంత్రం దాకా నమ్మాను.

మా నాన్నగారు గూడెంలో సోషల్ మాస్టారు. ఆ వేసవిలో ఆయనకు హెడ్మాస్టరుగా ప్రమోషన్ వచ్చింది. వచ్చింది ఏ తణుకుకో ఏలూరుకో అయితే నాకు బాధ ఉండేది కాదు. కొల్లేటి సరస్సులో, నీళ్ళ నడుమ ఉన్న ఒక లంక గ్రామానికి వచ్చింది. (ఊరి పేరు చెప్పను. అక్కడ ఇప్పటికీ మమ్మల్ని తలుచుకుని నవ్వుకునేవాళ్ళు ఉన్నారు.) నేను అప్పుడే తొమ్మిది పాసై పదిలోకి వస్తున్నాను. నా స్నేహితులు, నా ట్యూషను, క్లాసులో కిటికీ పక్కన ఎంతో కష్టపడి సంపాదించిన నా బెంచీ, అన్నీ గూడెంలోనే ఉన్నాయి. పదో తరగతి పిల్లను చేపల మధ్యకు తీసుకుపోతారా అని ఏడ్చాను. లాభం లేకపోయింది. ఇక నాన్నగారితో మాట్లాడ్డం మానేశాను. ఏదైనా చెప్పాల్సి వస్తే నాయనమ్మ ద్వారా చెప్పేదాన్ని. నాన్నగారు ఎదురుగానే కూర్చుని ఉన్నా, "నాన్నగారిని మంచినీళ్ళ గ్లాసు ఇటు ఇమ్మని చెప్పు నాయనమ్మా" అనేదాన్ని. నాయనమ్మ కూడా ఆ మాటను మళ్ళీ మొదటి నుంచి చివరి దాకా ఆయనకు అప్పజెప్పేది. పాపం, ఆవిడకి చెవులు బాగానే వినబడతాయి, ఆయనకీ బాగానే వినబడతాయి.

హెడ్మాస్టరు అన్నాక ఊళ్ళోకి హెడ్మాస్టరులా దిగాలని నాన్నగారి కోరిక. అందుకని ఒక సెకండ్ హ్యాండ్ వ్యాను కొన్నారు. డ్రైవింగు నేర్చుకోవడానికి పదిహేను రోజులు తెల్లవారుజామున కాలేజీ గ్రౌండుకి వెళ్ళారు. నేర్పే ఆయన రివర్సు పాఠం చెప్పిన రెండు రోజులూ నాన్నగారికి పరీక్ష పేపర్లు దిద్దే డ్యూటీ పడింది. సెలవు పెట్టిన పిల్లవాడు పాఠాన్ని పక్కవాడి నోట్సులో చూసి రాసుకుంటాడు. డ్రైవింగులో ఆ సౌకర్యం లేదు. లైసెన్సు పరీక్ష రోజున గ్రౌండులో నీళ్ళు నిలిచి ఉండడంతో ముందుకు మాత్రమే నడిపించి పంపేశారట. "మనం వెళ్ళేది ముందుకే కదా, వెనక్కి ఎందుకు?" అని ఆయన అమ్మతో అన్నారు. అమ్మ ఏమీ అనలేదు. అమ్మ ఏమీ అనకపోతే ఆ విషయం ఎక్కడో భద్రంగా దాచుకుందని మా ఇంట్లో అందరికీ తెలుసు.

సామాన్ల లారీతో మా బాబాయి పొద్దున్నే వెళ్ళిపోయాడు. వెళ్తూ ఒక తెల్లకాగితం మీద దారి గీసి నా చేతిలో పెట్టాడు, జాగ్రఫీలో నాకు ఎప్పుడూ మంచి మార్కులు వస్తాయని. లారీలో పట్టనివన్నీ, పట్టినా అమ్మ నమ్మనివన్నీ వ్యానులో చేరాయి: గోడ గడియారం, కుక్కరు, కుట్టు మిషను తల. వెనక సీట్లో నాయనమ్మ ఒళ్ళో గంప, గంపలో పదకొండు గుడ్ల మీద పొదుగుతున్న పెట్ట. ఇంకో వారంలో పిల్లలు వచ్చేస్తాయని, ఇప్పుడు వదిలేస్తే ఆ పాపం ఎవరు మోస్తారని నాయనమ్మ అడిగింది. ప్రార్థన చేసి బయల్దేరాం. నాయనమ్మ ఆ ప్రార్థనలో మా పేర్లతో పాటు పెట్టను కూడా కలిపింది.

వెనక్కి తీయక్కర్లేకుండా బండి నడపడానికి ఎంత తెలివి కావాలో నాకు ఆ రోజే అర్థమైంది. హైవే మీద భీమడోలు దాకా హాయిగా సాగింది. దెందులూరు దగ్గర టీ తాగుదామని ఆగితే, కొట్టు ముందు ఒక ట్రాక్టరు ఉందని నాన్నగారు కొట్టు దాటి చాలా దూరం పోయి ఆపారు. టీ గ్లాసులు పట్టుకుని అమ్మ ఎండలో అంత దూరం నడిచొచ్చింది. ఏలూరులో మా అత్తయ్య ఇంట్లో భోజనం. వాళ్ళ సందు చివర గోడ ఉంటుంది. అందుకని వ్యానును మెయిన్ రోడ్డు మీదే వదిలి, పెట్ట గంపతో సహా అందరం సందంతా నడిచాం. "ఇంటి ముందుకి తీసుకురావాల్సింది కదా అన్నయ్యా" అని అత్తయ్య అడిగితే, తిన్నాక నడిస్తే అరుగుతుందని నాన్నగారు ఆరోగ్యం మీద ఒక చిన్న ఉపన్యాసం ఇచ్చారు. మేము తినకముందే నడిచొచ్చామని అత్తయ్య చూసింది కానీ పాపం ఇంకేమీ అడగలేదు.

మూడు గంటలకల్లా ఊరి పెద్దలు బడి దగ్గర ఉంటామన్నారు. ఏలూరు దాటి దక్షిణం దారి పట్టాక గాలి మారింది. రెండు వైపులా చేపల చెరువులు, మధ్యలో సన్నటి రోడ్డు, నీటి వాసన. నా కాగితం ప్రకారం రెండో వంతెన దాటగానే ఎడమకి తిరగాలి, అక్కడ ఊరి పేరుతో పసుపు పచ్చ బోర్డు ఉంటుంది. వంతెన వచ్చింది. బోర్డు దూరం నుంచే నాకు కనబడింది. "ఎడమకి అని నాన్నగారికి చెప్పు" అనడానికి నాయనమ్మ వైపు తిరిగాను కూడా. కానీ చెప్పకుండా ఆగిపోయాను. మూడు గంటలకి చేరకపోతే ఆ ఉద్యోగం ఇంకెవరికో ఇచ్చేస్తారని, మేము తిరిగి గూడెం వెళ్ళిపోతామని, కిటికీ పక్కన నా బెంచీ నాకు దక్కుతుందని ఒక లెక్క నా బుర్రలో క్షణంలో తయారైంది. (జాగ్రఫీలో తప్ప మిగతా వాటిలో నాకు మార్కులు ఎందుకు రావో దీన్నిబట్టి తెలుసుకోవచ్చు.) బోర్డు నా పక్క నుంచే వెనక్కి పోయింది. నేను కాగితాన్ని మడిచి ఒళ్ళో ఉన్న పుస్తకంలో పెట్టుకున్నాను.

కొంత దూరం పోయాక తారు అయిపోయి కంకర వచ్చింది, కంకర అయిపోయి మట్టి వచ్చింది. చివరికి మేము వెళ్తున్నది రోడ్డు కాదని, రెండు చెరువుల మధ్య గట్టని అందరికీ అర్థమైంది. కుడి చక్రం పక్క నీళ్ళు, ఎడమ చక్రం పక్క నీళ్ళు. అమ్మ ఒకసారి నా వైపు, ఒకసారి నాన్నగారి వైపు చూసింది. అంతలో ఎదురుగా చేపల లోడుతో ఒక లారీ వచ్చి మా ముక్కు ముందు ఆగింది. దాని మీద వలలు లాగే మనుషులు పదిమంది దాకా కూర్చుని ఉన్నారు. లారీ కింద నుంచి ఐసు నీళ్ళు ధారగా కారుతున్నాయి.

లారీ డ్రైవరు దిగి వచ్చాడు. నడివయసు మనిషి, మెత్తటి మాట. "ఏమనుకోకండి మాస్టారండీ, లోడు బండండి, వెనక్కి తీస్తే గట్టు జారుద్దండి. మీ వెనకే మోటారు షెడ్డు దగ్గర జాగా ఉందండి. ఇరవై అడుగులు వెనక్కి పోనిస్తే తప్పుకుందామండి."

నాన్నగారు కూడా దిగారు. డ్రైవరు చెప్పింది అక్షరాలా నిజమేనని ఒప్పుకున్నారు. తర్వాత ఇవి ఏ చేపలని అడిగారు. ఏ ఊరు వెళ్తాయని అడిగారు. చేప ఐసులో ఎన్నాళ్ళు ఉంటుందో అడిగారు. డ్రైవరు అన్నిటికీ మర్యాదగా జవాబు చెప్పి, ప్రతి జవాబు చివరా "కొంచెం వెనక్కి పోనిత్తారా అండి" అని కలిపాడు. నాన్నగారు ప్రతిసారీ "అలాగేనండి" అన్నారు, ఇంకో ప్రశ్న వేశారు. ఇద్దరు మర్యాదస్థులు ఒకరి దారికి ఒకరు అడ్డం నిలబడితే విడదీయడం చాలా కష్టం. లారీ మీది మనుషులు ఒక్కొక్కరే దిగి చుట్టూ చేరారు. మూడు గంటలు దాటిపోయింది. నాన్నగారి కొత్త చొక్కా వీపంతా తడిసిపోయింది. ఆయన్ని అలా చూడ్డం నాకు ఏమీ బాగాలేదు. నేను వేసుకున్న లెక్కలో ఆ తడిసిన చొక్కా లేదు.

అప్పుడు అమ్మ తలుపు తీసుకుని దిగింది. కొంగు సర్దుకుని, ఉప్పో పప్పో అరువు అడిగినంత మామూలుగా అంది: "ఆయనకి వెనక్కి తీయడం రాదండి. ఆ పాఠానికి వెళ్ళలేదు."

ఎవరూ నవ్వలేదు. గోదావరి జిల్లా మర్యాద ఎంతటిదో నేను అక్కడ చూశాను. పదిమందీ ఒకేసారి చెరువు వైపు తిరిగి నీళ్ళను పరీక్షగా చూశారు. డ్రైవరు మాత్రం, దానిదేముందండి, నేను తీస్తానని వ్యాను ఎక్కాడు. గేరు రాడ్డును అటు లాగాడు, ఇటు నెట్టాడు, రెండు చేతులతో పట్టుకున్నాడు, కాలు తన్నిపెట్టి లాగాడు. చాలాసేపటికి చెమటలు తుడుచుకుంటూ దిగాడు.

"మాస్టారండీ, వెనక్కి పోవడం మీకే కాదండి, మీ బండికీ రాదండి."

నాన్నగారి ముఖం ఒక్కసారి వెలిగిపోయింది. పాడైన బండి అంటగట్టారన్న బాధ కనీసం నలుసంత కూడా లేదు. "విన్నావా?" అని అమ్మ వైపు తిరిగారు. ఇన్నాళ్ళుగా లోపం తనలో ఉందనుకుంటే అది గేర్ల పెట్టెలో ఉందన్న సంతోషం అది.

ఇక మిగిలిన దారి ఒక్కటే. పదిమందీ పంచెలు ఎగ్గట్టి వ్యానును షెడ్డు దాకా వెనక్కి నెట్టారు. ముందు ఎలాగూ దారి లేదు కాబట్టి వెనక భాగం ఎత్తి ఇటు తిప్పేద్దామన్నారు. అందరం దిగాం, నాయనమ్మ తప్ప. ఆవిడ గంప మీద రెండు చేతులూ వేసుకుని కూర్చుంది. "నేను కదిల్తే పెట్ట బెదురుద్ది నాయనా. నన్నూ కలిపి ఎత్తేయండి." వాళ్ళు మారు మాట్లాడకుండా వ్యానును, కుట్టు మిషనును, నాయనమ్మను, పెట్టను, పదకొండు గుడ్లను కలిపి ఎత్తారు. గాల్లో ఉన్నంతసేపూ నాయనమ్మ కళ్ళు మూసుకుని స్తోత్రం చెప్పుకుంటూనే ఉంది. కింద పెట్టాక కిటికీలోంచి ఒక్కొక్కరి తలనూ తాకి దీవించింది. (ఆ గుడ్లలో తొమ్మిది పిల్లలయ్యాయి. ఆ తొమ్మిదీ ప్రభువు చేతుల్లో తిరిగొచ్చినవని ఆవిడ వాటిని కోయనివ్వలేదు.)

మేము ముందు, లారీ వెనక. పసుపు పచ్చ బోర్డు దగ్గర ఈసారి అమ్మే తిరగమని చెప్పింది. లారీ కూడా మా వెనకే తిరిగింది. అప్పుడు తెలిసింది, ఆ పదిమందిదీ అదే ఊరని. బడి దగ్గర పూలదండతో నిలబడ్డ పెద్దలకు మేము దిగేలోపే లారీ మీద నుంచి సంగతంతా అందింది. నాన్నగారు క్రమశిక్షణ మీద అరగంట ప్రసంగం రాసుకొచ్చారు. ఆ కాగితాలు జేబులోంచి తీయనే లేదు. "నాకు రాని పని ఒకటి ఉందని మీకు ముందే తెలిసిపోయిందండి. మిగతావి మెల్లగా తెలుస్తాయి" అని కూర్చున్నారు. అప్పటిదాకా ఆపుకున్న నవ్వంతా అప్పుడు నవ్వారు.

సాయంత్రం సామాన్ల మధ్య, కొత్త ఇంటి మెట్ల మీద నాన్నగారు ఒక్కరే కూర్చుని ఉన్నారు. ఎవరో రెండు పెద్ద చేపలు పంపారు, లోపల అమ్మ వాటి సంగతి చూస్తోంది. నాకు ఇక కుదురు లేదు. వెళ్ళి పక్కన కూర్చుని, నాయనమ్మ లేకుండానే చెప్పేశాను: బోర్డు చూశానని, కావాలనే చెప్పలేదని. చెబుతూ ఏడ్చాను.

నాన్నగారు గుమ్మం వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించారు. "బోర్డు నేనూ చూశానమ్మా. కాకపోతే దాటిపోయాక చూశాను. ఇంక చేసేదేముంది, తిన్నగా పోనిచ్చాను. అమ్మకి మాత్రం చెప్పకు."

నేను చెప్పలేదు. ఆ ఊళ్ళో నాలుగేళ్ళున్నాం. పదో తరగతి అక్కడే పాసయ్యాను, గూడెంలో వచ్చేవాటికంటే మంచి మార్కులతో. నాన్నగారు మెకానిక్కు చేత వ్యానును బాగు చేయించి, రివర్సు నేర్చుకుని, అవసరం లేనిచోట కూడా వెనక్కి నడిపి చూపించేవారు.

మొన్నామధ్య అటు వెళ్ళాను. సరస్సును ఆక్రమించి వేసినవని ఆ చెరువు గట్లను చాలావరకు ప్రభుత్వం వాళ్ళు ఎప్పుడో కొట్టేశారు. మేము చిక్కుకున్న చోట ఇప్పుడు గట్టు లేదు, షెడ్డు లేదు, అంతా నీళ్ళే. సంచి ముక్కుల గూడబాతులు బారులు తీరి తిరుగుతున్నాయి. కారు ఆపి కాసేపు నిలబడ్డాను. ఇక్కడే ఎక్కడో, రెండు జడలేసుకుని ముఖం ముడుచుకున్న ఒక పిల్ల, తన ఒక్క మౌనంతో ఇంటిల్లిపాది తలరాతనూ మార్చేశానని నమ్ముతూ కూర్చుని ఉంది. ఒకసారి పలకరిద్దామా అనిపించింది. కానీ అప్పట్లో ఆ పిల్ల నాయనమ్మతో తప్ప ఎవరితోనూ మాట్లాడేది కాదు.