చిలకలపూడిలో నా చంద్రహారం

బందరులో పేట మారితే మెడలో నగ విలువ కూడా మారుతుందని నాకు ఆలస్యంగా తెలిసింది. ఇనుగుదురుపేటలో అద్దెకున్న రోజుల్లో మా అమ్మ ఇచ్చిన చంద్రహారం వేసుకుంటే, ఆడవాళ్ళు కళ్ళార్పకుండా చూసేవారు. తర్వాత చిలకలపూడిలో ఇల్లు కొనుక్కున్నాం. ఇక్కడ చాలా ఇళ్ళలో రోల్డుగోల్డు నగల పనే. అరుగుల మీద కూర్చుని రాళ్ళు అతుకుతుంటారు. సందుల్లోంచి పూత మందుల ఘాటు వస్తుంటుంది.

పక్కింటి పెళ్ళికి ఆ హారం వేసుకుని వెళ్ళాను. జీవితమంతా ఈ పనిలోనే ఉన్న ఎదురింటి పిన్నిగారు దాన్ని చూసి తెగ మెచ్చుకున్నారు.

"పూత భలే నిలిచిందమ్మా. ఎవరి దగ్గర వేయించావు?"

"ఇది బంగారమండీ!" అన్నాను, గట్టిగానే.

"అలాగే ఉంది మరి. అందుకేగా మన పేటకి అంత పేరు!" అన్నారావిడ నవ్వుతూ.

ఒళ్ళు మండిపోయింది. నాలుగు రోజులు ఆవిడతో మాట్లాడలేదు. చివరికి హారం బీరువాలో పెట్టేసి, అచ్చం అలాంటిదే రోల్డుగోల్డులో ఆవిడ చేతే చేయించుకున్నాను.

మొన్న అది వేసుకుని మోపిదేవి వెళ్తే, గుడి క్యూలో నా వెనకున్నావిడ భుజం తట్టింది.

"రద్దీగా ఉందండీ. బంగారం మీద కొంగు కప్పుకోండి" అంది.

కప్పుకున్నాను.