రాగితీగ ఎగరేసిన ఆషాఢం

గాలి ఉన్న రోజు నా మొగుడు నన్ను కొట్టేవాడు కాదు. గాలి లేని రోజు కొట్టేవాడు. ఇంత చిన్న సంగతి పసిగట్టడానికి నాకు రెండేళ్లు పట్టింది. పసిగట్టాక మాత్రం పొద్దున్నే తలుపు తీసి మొట్టమొదట చూసేది గాలినే.

మా ఊరు వజ్రకరూరుకు అవతల, మెట్టపొలాల మధ్య ఉంది. ఊరికి ఆనుకొని ఒక రాళ్ల గుట్ట. జ్యేష్ఠం సగంలో పడమటి గాలి మొదలైతే శ్రావణం దాకా వదలదు. వాన రాదు, గాలే వస్తుంది. విత్తిన వేరుశనగ గింజ మీది మన్ను కూడా లేపుకుపోతుంది. అన్నం గిన్నె మీద మూత పెట్టి, ఆ మూత మీద రాయి పెట్టాలి. ఆ రెండు నెలలూ చేలల్లో పని తక్కువ. మగవాళ్లంతా గుట్టెక్కి పటాలు ఎగరేసేవాళ్లు.

పిల్లలు ఆడుకునే పటాలు కావవి. ఒక్కొక్కటి తలుపు రెక్కంత. సిమెంటు సంచుల కాగితం, వెదురు బద్దలు, మా చీరలు చించి కట్టిన తోక. పటం నెత్తిన ఈతాకు చీలికను విల్లులాగా బిగిస్తే, పైకి పోయాక అది గుయ్యిమని మోగేది. ఇంట్లో రొట్టెలు తడుతుంటే నాకు వినబడేది. ఆ మోత వినబడినంతసేపూ నా వీపు భద్రం. ఒక్కొక్క పటానికి ముగ్గురు మగవాళ్లు కావాలి. బండకు కాళ్లు తన్నిపెట్టి కూర్చుని లాగాలి. నూలుతాడు చేతులు కోసెయ్యకుండా నీళ్లలో తడిపి పట్టుకునేవాళ్లు.

ఊళ్లో రెండు వీధులు, పైవీధి, కిందివీధి. ఆషాఢంలో ఒక ఆదివారం రెండు వీధుల పెద్ద పటాలూ ఆకాశంలో కలబడేవి. ఎవరి తాడు తెగితే, ఆ వీధి తరఫున ముందుండి తాడు పట్టినవాడికి అక్కడే గుట్ట మీద సగం మీసం గొరిగేవాళ్లు. మిగిలిన సగం అమావాస్య దాకా తియ్యకూడదు. బస్సెక్కినా, పెళ్లికి పోయినా అదే మొహంతో పోవాలి. పైవీధి తాడు నా మొగుడిది. నేను చెప్పబోయే ఏటికి ముందటేడు అతని మీసం పోయింది. ఆ అమావాస్య దాకా గాలి ఆగిన ప్రతి పొద్దూ నేను పడిన దెబ్బలు నా ఒంటికి తెలుసు. ఒక చెవి అప్పుడే పోయింది. ఇప్పటికీ ఆ పక్కన ఎవరైనా పిలిస్తే నాకు వినబడదు.

నేను తూర్పారబట్టే దాన్ని. ఎవరి కల్లంలో పంట కుప్పేసినా నన్ను పిలిచేవాళ్లు. ముక్కాలిపీట ఎక్కి, చాట తలకు పైన ఎత్తి, గాలికి ఎదురు కాకుండా పక్కకు తిరిగి వదలాలి. గాలి తెలియకపోతే పొట్టు కళ్లల్లో పడుతుంది. మా అమ్మకు అట్లనే చూపు పోయింది. అందుకని గాలి ఎప్పుడు బలుస్తుందో, ఎప్పుడు మొండికేస్తుందో, ఎటు తిరుగుతుందో నాకు చిన్నప్పటి నుంచే తెలుసు. ఊళ్లో అందరికీ ఆ సంగతి తెలుసు. పటాల వాళ్లు గుట్టకు పోతూ మా ఇంటి ముందు ఆగి అడిగేవాళ్లు.

కిందివీధి తాడు పట్టేవాడు మంచివాడే కానీ నోరు ఆగదు. నాకు మరిది వరస.

"ఏం వదినా, ఈ పొద్దు గాలెట్లుండాది?"

"పొద్దెక్కినాక దిట్టంగా వస్తాది. పెద్దదే ఎత్తుకోపో."

"పెద్దది ఎత్తితే మీ ఆయన మీసం మళ్లా పోతాదే. నీకు బాధల్యా?"

"ఆయన మీసం నేనేమన్నా నీళ్లు పోసి పెంచినానా? పో అప్పా, పో."

అతను నవ్వుకుంటూ పోయాడు. ఈ మాట సాయంత్రానికి నా మొగుడి చెవిన పడింది.

"కిందోళ్లకు గాలి చెప్తాండావంట?"

"అడిగితే చెప్పినా. నిన్ను అడగొద్దన్నానా మామా? నువ్వూ అడుగు."

"ఆడదాన్ని అడిగి పటం ఎత్తాల్నా నేను?" అని చాట లాక్కుని దాని అంచుతోనే మూతి మీద కొట్టాడు. ముందు పన్ను కదిలింది. గాలి ఉన్న రోజు దెబ్బ పడడం అదే మొదలు. ఇక గాలి నన్ను కాయదని ఆ రోజు అర్థమైంది.

ఆ ఏడే మా బోరు ఎండిపోయి మోటారు కాలిపోయింది. మోటారు విప్పి లోపలి రాగితీగంతా అతను పీకాడు. అందరూ తాడుకు గాజుపొడి పూస్తారు. ఇతను పైన పటం దగ్గర యాభై బారలు రాగితీగే కట్టాడు. తీగను ఏ గాజూ కొయ్యలేదు కదా. మెరిస్తే దొరికిపోతామని దానికి మసి పూయించాడు. పూసింది నేనే. పొయ్యి దగ్గర కూర్చుని రెండు రోజులు బార బారా పూశాను. ఎందుకు పూశావని అడిగితే, గెలిస్తే ఆ నెలంతా నన్ను ముట్టుకోడని.

గుట్టకు పడమటి పక్కన గాలిమరలు పెట్టేవాళ్లు కొత్తగా కరెంటు స్తంభాలు పాతారు. తీగల్లో కరెంటు వదిలి నెల కూడా కాలేదు. వాటి గురించి ఎవరికీ భయం లేదు. గాలి పడమటి నుంచి వస్తుంది, పటాలు తూర్పుకే పోతాయి. అది ఊరంతటి నమ్మకం.

పందెం రోజు పొద్దున నేను విత్తనపు కాయలు ఒలిచి పొట్టు చెరుగుతున్నాను. చాట ఎత్తి వదిలితే పొట్టు నా కాళ్ల మీద పడింది. మళ్లీ వదిలాను. అక్కడే పడింది. మూడోసారి వదిలితే తూర్పు నుంచి ఒక ఊపు వచ్చి పొట్టంతా నా మొహాన కొట్టింది. వెంటనే మళ్లీ పడమటి గాలి మామూలుగా అందుకుంది. చాట కింద పెట్టాను. ఇట్లా అయిన రోజు మధ్యాహ్నం గాలి చచ్చిపోతుంది. ఆ తర్వాత మొత్తానికే తిరగబడి తూర్పు నుంచి విరుచుకుపడుతుంది.

అతను తాడు తడుపుతున్నాడు. చెప్పాను.

"మామా, మధ్యాన్నం గాలి తిరుగుతాది. పటం కరెంటు తీగల మీదికి పోతాది. రాగితీగ విప్పెయ్. నూలుతాడుతోనే ఎత్తు."

"ఎవరు చెప్పమన్నారు నీకు? ఆ కిందోడేనా?"

"ఎవరూ చెప్పల్యా. పొట్టు చెప్పింది."

"పోయినేడు నా మీసం తీయించింది చాలదా? ఈ ఏడూ తీయిస్తావా?"

నా జుట్టు పట్టి గడపకు కొట్టాడు. చెయ్యి అడ్డం పెట్టుకున్నాను, మణికట్టు టప్పుమంది. లోపలికి తోసి బయట గొళ్లెం పెట్టి పోయాడు. మా అత్త అరుగు మీద కూర్చునే ఉంది. ఎప్పటిలాగే వీధి వైపు తిరిగింది.

మధ్యాహ్నానికి గుట్ట మీద నుంచి రెండు పటాల మోతా వినబడింది. ఈలలు, కేకలు. తర్వాత మోత సన్నగిల్లింది. కప్పు సందుల్లోంచి రాలే మన్ను రాలడం ఆగింది. గాలి చచ్చిపోయింది.

అప్పుడు నేను కేక వెయ్యాలి. వెయ్యలేదు. గోడకు ఆనుకుని కూర్చున్నాను. ఇంకాసేపు ఊరుకుంటే చాలు, నన్ను కొట్టేవాడు ఉండడు. ఆ ఆలోచన నాకు వచ్చింది. వచ్చి కూర్చుంది. ఎంతసేపు అట్లా ఉన్నానో చెప్పలేను. చెయ్యి వాచి మట్టిముద్దలా అయింది. తాడు దగ్గర అతనొక్కడే లేడు, ఇంకా ఇద్దరున్నారు, ఇద్దరికీ పెళ్లాలున్నారు అని తర్వాత తోచింది. దానికోసమే లేచానో, ఇంకెందుకు లేచానో. తలుపు మీద కాలితో తన్నాను.

"అత్తా! గొళ్లెం తీ! గాలి తిరుగుతాండాది, నీ కొడుకు మసైపోతాడు!"

ముసలిది గొళ్లెం తీసింది. చూరులో దోపిన కొడవలి తీసి నా బాగున్న చేతిలో పెట్టింది.

"పోమ్మే. తాడు నరుకు. మాట చెప్తే వాడు వినడు, వాని నాయన కూడా వినేవాడు కాదు" అంది. పదేళ్లలో ఆమె నాతో అంత పొడుగు మాట మాట్లాడడం అదే మొదలు.

గుట్ట ఎక్కుతుండగానే తూర్పు గాలి నా వెనక నుంచి తోసింది. దిగబోతున్న పటాలు రెండూ దాంతో ఎగిరి మనుషుల నెత్తి మీదుగా పడమటికి మళ్లాయి. కిందివీధి వాళ్లు భయపడి తాడు వదిలేశారు. నా మొగుడు వదల్లేదు. అవతలి వాడు వదిలేశాడు, ఇక తనదే గెలుపని పళ్లు బయటపెట్టి నవ్వుతున్నాడు. తాడు చేతికి రెండు చుట్లు చుట్టుకున్నాడు. తాడు నుంచి నీళ్లు కారుతున్నాయి. పటం అప్పటికే స్తంభాలు దాటింది, రాగితీగ కరెంటు తీగల మీదికి వాలుతోంది.

ఎవరూ నన్ను చూడలేదు. అతని చేతికి బారెడు ముందర కొడవలితో నరికాను. ఒక్క వేటుకు తెగలేదు. రెండో వేటుకు తెగింది. తాడు పాములా ఎగిరిపోయింది. కళ్లు మూసి తెరిచేలోగా స్తంభాల దగ్గర పెద్ద చప్పుడు, నీలం మంట. తెగిన తాడు కొస మా ముందు నేల మీద ఎగిరెగిరి పడి, పొగ లేచింది. రాగితీగ కరిగి బొట్లు బొట్లుగా రాలింది.

 కిందివీధి మరిది స్తంభాల వైపు చూసి అన్నాడు.

"రాగితీగనా? ఏమప్పా, మమ్మల్నందర్నీ కాల్చేసేకి వచ్చినావా?"

నా మొగుడు నా వైపు తిరిగాడు.

"గెలిచిన తాడు నరికినావు కదే లంజా!"

తాడు తెగింది తెగిందే, ఆచారం ఆచారమే అని కిందివీధి వాళ్లు అతన్ని అక్కడే కూర్చోబెట్టి సగం మీసం గొరిగారు. ఇద్దరు భుజాలు పట్టుకోవలసి వచ్చింది. వదలగానే లేచి నా వాచిన చేతి మీదే కాలెత్తి తన్నాడు. రెండో తన్ను కోసం మళ్లీ ఎత్తాడు. నేను కొడవలితో ఒక్క వేటు వేశాను. అతను చెయ్యి అడ్డం పెట్టాడు. మోచేతి కింద తెల్లగా తెరుచుకుంది, తర్వాత ఎర్రగా నిండింది.

అప్పుడు అందరూ కదిలారు. పదిమంది మగవాళ్లు నన్నే పట్టుకున్నారు. అతన్ని ఒక్కడూ పట్టుకోలేదు.

మర్నాడు రచ్చబండ దగ్గర పెద్దమనుషులు కూర్చున్నారు. పెద్దాయన మెత్తగానే అడిగాడు. "ఏమ్మా, తాడు నరకబోతే తగిలిందని చెప్పు. మొగుని కాళ్లు పట్టుకో. అయిపోతాది."

"తాడు నరికినాక కొట్టినా పెద్దాయనా. మెడ మీద కొట్టాలనే కొట్టినా. చెయ్యి అడ్డమొచ్చింది."

"అట్లంటారామ్మా ఎవరన్నా?"

"ఇంకోసారి నా మీద చెయ్యి లేపితే మళ్లా కొడతా. ఆ పొద్దు అడ్డం రాదు. ఇందరిలో చెప్తాండా, తరవాత చెప్పల్యా అనొద్దు."

నా మొగుడు చేతికి గుడ్డ చుట్టుకుని, సగం మీసంతో నేల చూస్తూ కూర్చున్నాడు. పెద్దాయన అతని వైపు చూశాడు, అతను తల ఎత్తలేదు. పెద్దమనుషులు వాన గురించి రెండు మాటలు మాట్లాడుకుని లేచిపోయారు.

ఆ తర్వాత అతను ఏడేళ్లు బతికాడు. తాగాడు, తిట్టాడు, గిన్నెలు విసిరాడు. నన్ను మాత్రం ముట్టుకోలేదు. చివరికి సారాయి అతని కడుపును తినేసింది.

శవానికి నీళ్లు పోసేటప్పుడు నేను ఏడవలేదు. ఆడవాళ్లు గుసగుసలాడుకున్నారు. వీధికి కొత్తగా వచ్చిన కోడలు ఒకత్తె అతని చెయ్యి కడుగుతూ ఆ గాటు దగ్గర ఆగింది.

"ఏందక్కా ఇది, ఇంత లోతుండాది? యాడ తగిలింది?"

"తగలల్యా. నేను నరికినా" అన్నాను.

ఆ పిల్ల నా మొహం చూసింది. నేను చెంబు ముంచి ఆ చేతి మీద నీళ్లు పోశాను.